మళ్లీ టేబుల్ దగ్గరికి: ఒక ఉపాసకుడి ప్రశ్న

ఎప్పుడో మానేసిన ఆటలోకి యాభై దాటాక తిరిగి వెళ్లాలనుకోవడం, అదీ కాలక్షేపానికి కాకుండా పోటీకే దిగాలనుకోవడం, తృష్ణ అవుతుందా? మా ఆదివారం ధమ్మ అధ్యయన బృందం ముందుకు ఈ ప్రశ్న వచ్చినప్పుడు కొందరికి నవ్వొచ్చింది. ప్రతీత్య సముత్పాదం చదువుకునే చోట పూల్ ఆట గురించి మాట్లాడడమేమిటి అన్నారు. కానీ వరుసగా మూడు ఆదివారాలు ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఒకరిద్దరు కోపగించుకున్నారు కూడా. ఆ చర్చలో మాకు తేలిన సంగతులూ, ఇంకా తేలని సంగతి ఒకటీ ఇక్కడ రాస్తున్నాం.

అడిగిన ఉపాసకుడు రైల్వేలో ఫిట్టర్. వయసు 54. ఆయన తండ్రి తెల్లదొరల కాలంలో కట్టిన ఒక క్లబ్బులో మార్కర్‌గా పనిచేశారు. మార్కర్ అంటే ఏమిటో ఈ తరానికి తెలియకపోవచ్చు. బిలియర్డ్స్ గదిలో పాయింట్లు లెక్కపెట్టి బోర్డు మీద చూపేది ఆయనే. పాకెట్లో పడిన బంతులు తీసి మళ్లీ తమ తమ చోట పెట్టేది, పచ్చ క్లాత్‌ను బ్రష్‌తో దువ్వి ఇస్త్రీ చేసేది, సభ్యుల క్యూలు తుడిచి స్టాండులో నిలబెట్టేది ఆయనే. ఏ సభ్యుడికైనా జోడీ దొరక్కపోతే ఎదుట నిలబడి ఆడేది కూడా ఆయనే. అలా ఆడినప్పుడు ఎప్పుడు ఓడాలో తెలిసి ఉండడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆ గదిలో ఏ బంతి ఎటు తిరుగుతుందో ఆయనకు తెలిసినంతగా సభ్యుల్లో ఎవరికీ తెలియదని కొడుకు చెబుతారు. కొడుకు మాట కనుక కొంత తగ్గించుకున్నా, మేము నమ్ముతాం. ఆ తండ్రి పేరు మాత్రం ఒక్క పోటీ పట్టికలోనూ ఎక్కలేదు. పోటీలు సభ్యులకే.

కొడుకు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న పాత టేబుల్ మీద నేర్చుకున్నారు. ఊళ్లో పూల్ పార్లర్లు వచ్చాక ఎయిట్ బాల్‌కు మారారు. 1 నుంచి 7 వరకు నిండు రంగు బంతులు ఒకరివి, 9 నుంచి 15 వరకు చారల బంతులు ఇంకొకరివి, తమవన్నీ పాకెట్లో వేశాక చివరికి నల్లటి 8వ నంబరు బంతి వేసినవాడు గెలుస్తాడు. ఆయన చిన్నా పెద్దా పోటీలు కొన్ని గెలిచారు. 31వ ఏట మానేశారు. తండ్రి మంచాన పడ్డారు, చెల్లెలి పెళ్లి అప్పు ఉంది, రాత్రి షిఫ్టులు పడ్డాయి. 23 ఏళ్లు క్యూ ముట్టుకోలేదు. ఈ మధ్య షెడ్డులోని కుర్రవాళ్లు రాష్ట్ర స్థాయి పోటీ ఎంట్రీ ఫారం తెచ్చి చేతిలో పెట్టారు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదని, ఇది ధమ్మానికి విరుద్ధమైతే చెప్పండని మమ్మల్ని అడిగారు.

మొదటి అభ్యంతరం బ్రహ్మజాల సుత్తం నుంచి వచ్చింది. అందులో ఆటల జాబితా ఒకటి ఉంది. ఎనిమిది గళ్ల, పది గళ్ల పలకల మీద ఆడేవి, పాచికలు, పొడవు కర్రతో పొట్టి కర్రను కొట్టే ఆట అంటే మన చిర్రగోనె, చివరికి పిల్లలు ఆడుకునే బుల్లి నాగళ్లు, బుల్లి బళ్లు కూడా అందులో ఉన్నాయి. గోతమ బుద్ధుడు వీటికి దూరంగా ఉంటాడని లోకులు మెచ్చుకుంటారని ఆ సుత్తం చెబుతుంది. కానీ అది శ్రమణుడి నడవడి గురించిన మాట. గృహస్థుడికి వర్తింపజేస్తే మన పిల్లలకు బొమ్మ బండి కూడా కొనిపెట్టలేం. భిక్షువు నియమాన్ని తీసుకొచ్చి ఉపాసకుడి నెత్తిన పెట్టడం మన వాళ్లలో తరచుగా చూస్తున్నాం. కొత్తగా దీక్ష తీసుకున్న ఉత్సాహంలో అది సహజమే కావచ్చు. కానీ దానివల్ల ఇంట్లోవాళ్లకు ధమ్మం అంటే నిషేధాల చిట్టా అనిపిస్తుంది.

గృహస్థుడి కోసం చెప్పింది సిగాలోవాద సుత్తం. అందులో జూదం వల్ల కలిగే ఆరు కీడులు ఉన్నాయి. గెలిచినవాడు పగ మూటగట్టుకుంటాడు, ఓడినవాడు పోయిన సొమ్ము కోసం కుమిలిపోతాడు, చేతిలో ఉన్నది కరిగిపోతుంది, సభలో అతని మాట చెల్లదు, స్నేహితులు చులకన చేస్తారు, పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రారు. లా చదివిన వాళ్లం కనుక నాలుగోది మమ్మల్ని ఎప్పుడూ ఆపుతుంది. జూదరి సాక్ష్యానికి విలువ లేదని అంత కాలం కిందటే గుర్తించారు.

మన చట్టం వేరే దారిలో వెళ్లింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద జరిగిన పోలీసు దాడి నుంచి పుట్టిన సత్యనారాయణ కేసులో, 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని చెప్పింది. నైపుణ్యమా, అదృష్టమా అన్నదే అక్కడ కొలబద్ద. ఆ కొలబద్ద చాలదని ఆన్‌లైన్ ఆటలు వచ్చాక ప్రభుత్వాలకు అర్థమైంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధంలోకి తెచ్చాయి. సుత్తం మొదటినుంచీ నైపుణ్యం ప్రస్తావన తేలేదు. ఆట తర్వాత మనుషుల మధ్య ఏం మిగిలింది అనే దాన్నే చూసింది.

ఆ లెక్కన పూల్ పోటీని చూస్తే, ఎంట్రీ ఫీజు కట్టి, అందరికీ తెలిసిన నియమాల కింద ఆడి, నిర్వాహకులు ఇచ్చే బహుమతి తీసుకోవడంలో మాకు తప్పు కనబడలేదు. కనబడింది వేరే చోట. మన పార్లర్లలో ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలనే రివాజు ఒకటుంది. చూడ్డానికి చిన్న విషయం. కానీ గంటకు ఇంత అని మీటరు తిరుగుతుంటే, డెలివరీ పని చేసుకునే కుర్రవాడు వరుసగా నాలుగు ఆటలు ఓడి ఆ రోజు సంపాదనలో సగం అక్కడే పెట్టి వెళ్తాడు. బాగా ఆడేవాడు ఏడాదంతా ఉచితంగా సాధన చేస్తాడు, బాగా ఆడనివాడి జేబు దానికి ఇంధనం. దాన్ని జూదం అని ఎవరూ అనరు. మేము అంటాం. సిగాలోవాదం చెప్పిన మొదటి మూడు కీడులూ అక్కడ కళ్లకు కనిపిస్తాయి. టేబుల్ డబ్బులు ఇద్దరూ చెరిసగం పంచుకునే షరతు మీదే సాధనకు వెళ్లమని అన్నకు చెప్పాం. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. పార్లర్‌లో కుర్రవాళ్లు మాత్రం వింతగా చూశారట.

ఇక తృష్ణ సంగతి. ఇది పుస్తకంతో తేలేది కాదు.

సాధన మొదలుపెట్టిన వారం తర్వాత ఆయన అన్న మాట మాకు బాగా గుర్తుంది. "ఏ షాట్ వేయాలో కంటికి తెలుస్తోంది, చెయ్యి వినడం లేదు." క్యూ ఆటలు ఎరిగినవాళ్లు ఎవరైనా ఇదే చెబుతారు. బంతిని పాకెట్లో వేయడం సగం పనే. వేశాక తెల్ల బంతి ఎక్కడ ఆగాలి, తర్వాతి షాట్‌కు అది ఎంత కోణంలో ఉండాలి అన్నది మిగతా సగం. ఆ ఎత్తుగడ జ్ఞాపకంలో చెక్కు చెదరకుండా ఉంటుంది. ఎంత బలంతో కొట్టాలి అనే అంచనా మాత్రం చేతిలో ఉంటుంది, అది పోతుంది. పైగా ఇప్పటి పార్లర్ క్లాత్ నున్నగా ఉండి బంతి వేగంగా పరుగెత్తుతుంది. పాత టేబుల్ మీద నేర్చుకున్న చెయ్యి ప్రతిసారీ ఒక జానెడు ఎక్కువ కొడుతుంది. తెల్ల బంతి వెళ్లి పాకెట్లో పడుతుంది. అది ఫౌల్, ఎదుటివాడు దాన్ని తీసుకుని తనకు నచ్చిన చోట పెట్టుకుంటాడు.

కళ్ల సంగతి ఇంకొకటి. చత్వారం వచ్చినవాళ్లు వాడే ప్రోగ్రెసివ్ కళ్లద్దాలతో క్యూ మీదికి వంగితే చూపు అద్దం పై అంచులోంచి పోతుంది, దూరపు బంతి అలుక్కుపోతుంది. 1985లో స్నూకర్ ప్రపంచ పోటీ ఫైనల్‌ను చివరి నల్ల బంతి మీద స్టీవ్ డేవిస్‌పై గెలిచిన డెనిస్ టేలర్ ఫొటో చూసినవాళ్లకు ఆయన పెద్ద పెద్ద, తలకిందులుగా పెట్టుకున్నట్టుండే కళ్లద్దాలు గుర్తుంటాయి. ఎగతాళికి గురైన ఆ కళ్లద్దాలు సరిగ్గా ఈ ఇబ్బంది కోసం చేయించుకున్నవే. మా అన్న కూడా ఎత్తైన ఫ్రేము కోసం నాలుగు దుకాణాలు తిరిగారు.

తిరిగి రావడం గురించి పత్రికలు ఇష్టపడే కథ ఒకటుంది. రానీ ఓసలివన్ 2012లో ప్రపంచ స్నూకర్ టైటిల్ గెలిచి, దాదాపు ఏడాది ఆటకు దూరంగా ఉండి, 2013లో నేరుగా వచ్చి మళ్లీ గెలిచాడు. అది నిజంగా జరిగింది. కానీ అతను దూరంగా ఉన్నది ఒక్క ఏడాది, వయసు ముప్పైల్లో ఉంది. మన ప్రశ్నకు స్టీఫెన్ హెండ్రీ జీవితం దగ్గర. ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన ఈ స్కాట్లాండ్ ఆటగాడు 2012లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో 147 పాయింట్ల గరిష్ఠ బ్రేక్ చేసి, అదే పోటీ క్వార్టర్ ఫైనల్‌లో 13-2 తేడాతో ఓడి, ఆ రాత్రే ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత, 2021 మార్చిలో, 52 ఏళ్ల వయసులో మళ్లీ పోటీకి వచ్చాడు. కోవిడ్ కాలం కనుక హాలులో ప్రేక్షకులు లేరు. మాథ్యూ సెల్ట్ చేతిలో 4-1తో ఓడాడు. ఓడిన ఆ మ్యాచ్‌లోనే 107 పాయింట్ల బ్రేక్ ఒకటి చేశాడు. మరుసటి నెల ప్రపంచ పోటీ అర్హత మ్యాచ్‌లో పాత ప్రత్యర్థి జిమ్మీ వైట్‌ను 6-3తో గెలిచి, తర్వాతి మ్యాచ్‌లో చైనా కుర్రవాడి చేతిలో 6-1తో ఓడాడు. పాత రోజులు తిరిగి రాలేదు.

ఆ 107ను మేము చాలాసేపు చర్చించాం. అది పాత హెండ్రీ చేసిందా, కొత్త హెండ్రీ చేసిందా? మిలింద పన్హాలో నాగసేన భంతే రాజుకు చెప్పిన దీపం ఉపమానం మన పాఠకులకు తెలుసు. మొదటి జామున వెలిగిన జ్వాలా, చివరి జామున వెలుగుతున్న జ్వాలా ఒకటే అనలేం, వేరూ అనలేం. మానేసినవాడికీ తిరిగి వచ్చినవాడికీ మధ్య ఉన్నది ఈ సంబంధమే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, 31 ఏళ్ల మనిషి ఒక అప్పులవాడిలా 54 ఏళ్ల మనిషి గుమ్మంలో కూర్చుంటాడు. ఈ షాట్ నేను వేసేవాణ్ని, నువ్వెందుకు వేయలేకపోయావు అని ప్రతి బంతికీ నిలదీస్తాడు. తృష్ణ ఉన్నది ఆటలో కాదు, ఈ నిలదీతలో. గెలవాలనే కోరిక కంటే "నేను అలాంటివాణ్ని" అనే పట్టుదల ఎక్కువ బాధపెడుతుంది. పాళీలో దీన్నే ఉపాదానం అంటారు.

సోణ కోళివిసుడి కథ ఇక్కడ మాకు ఉపయోగపడింది. వీణ బాగా వాయించగల సంపన్నుల బిడ్డ. భిక్షువై, రాజగృహం దగ్గరి శీతవనంలో అడుగులు చిట్లి రక్తం కారేలా చంక్రమణం చేశాడు. ఫలితం రాలేదు. ఇంటికి తిరిగి వెళ్లి సంపద అనుభవిస్తూ దానధర్మాలు చేసుకుందాం అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి అడిగింది వీణ గురించి. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదిలేస్తే పలుకుతుందా? ఈ కథను మధ్యేమార్గానికి ఉదాహరణగా అందరూ చెబుతారు. మేము గమనించిన చిన్న విషయం ఇంకొకటి ఉంది. బుద్ధుడు సోణుడికి అతను మానేసిన విద్యనే గుర్తుచేశాడు. వీణ వదిలేశావు కదా, దాని ఊసు ఎందుకు అనలేదు. పాత విద్యలో అతనికి తెలిసిన బిగువు, సడలింపు కొత్త ప్రయత్నానికి కొలతగా పనికొచ్చాయి. సమ్యక్ వ్యాయామం అంటే ఇదేనని మాకు తోచింది. అన్నకు మేము చెప్పింది కూడా అదే. రోజూ ఒకే సూటి షాట్, తెల్ల బంతి ఒకే చోట ఆగేలా, యాభై సార్లు. ఎన్ని పడ్డాయో లెక్క రాసుకోండి, 31 ఏళ్లప్పుడు ఎన్ని పడేవో రాసుకోవద్దు.

తిరిగి రాకపోవడం కూడా ఓటమి కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌కు చెందిన జీన్ బాలుకాస్ 13 ఏళ్లకే, 1972లో, మహిళల యు.ఎస్. ఓపెన్ పూల్ గెలిచింది, తర్వాత వరుసగా ఏళ్ల తరబడి గెలుస్తూ పోయింది. 1988లో ఒక పోటీలో జరిగిన గొడవ తర్వాత వృత్తి పోటీలనుంచి తప్పుకుంది, మళ్లీ రాలేదు. ఆమెను ఎవరూ తరిమేయలేదు, టేబుల్ ఆమెకు అందుబాటులోనే ఉంది. అది ఆమె ఎంపిక.

అందరికీ ఆ ఎంపిక ఉండదు. అదే బ్రూక్లిన్‌లో పుట్టిన సిసెరో మర్ఫీ నల్లజాతి ఆటగాడు. రంగు కారణంగా ఏళ్ల తరబడి పెద్ద పోటీలకు పిలుపు రాలేదు. 1965లో కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో జరిగిన ప్రపంచ ఆహ్వాన పోటీకి పిలిచారు. మొదటిసారి ఆడి గెలిచాడు. ఆ ఆట పుట్టిన దేశం వాళ్లు అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది 1995లో. మరుసటి ఏడాది అతను చనిపోయాడు. మన దేశంలో పాల్వంకర్ బాలూ ఉన్నాడు. చర్మకార కుటుంబంలో పుట్టి, పుణె క్లబ్బులో పిచ్ చదును చేసే పని చేస్తూ, తెల్లవాళ్ల బ్యాటింగ్ సాధన కోసం గంటల తరబడి బంతి వేశాడు. తర్వాత హిందువుల జట్టుకు వికెట్లు కావాల్సి వచ్చినప్పుడు మైదానంలోకి రానిచ్చారు, టీ మాత్రం బయట మట్టి ముంతలో ఇచ్చారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినవాడికి జట్టు కెప్టెన్సీ దక్కలేదు. (1937 ఎన్నికల్లో ఆయన కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీదే పోటీ చేసి ఓడిపోయాడు. ఆ విషాదం గురించి వేరే రాయాలి.)

ఇది ఎందుకు చెబుతున్నామంటే, వైరాగ్యం బోధించే ముందు ఎదుటివాడి చేతిలో ఏముందో చూడాలి. మార్కర్ కొడుకును పట్టుకుని గెలుపోటములు వదిలెయ్యి అంటున్నాం. ఆయన తండ్రికి ఓడడం కూడా జీతానికి చేసే పనే, గెలుపు ఎలా ఉంటుందో ఎవరూ ఇవ్వలేదు. లేనిదాన్ని త్యజించమనడం ధమ్మం కాదు, అది పాత ధర్మం మనకు చెప్పిన మాటే. బాబాసాహెబ్ 'ది బుద్ధ అండ్ హిస్ ధమ్మ'లో బుద్ధుడు పేదరికాన్ని భాగ్యంగా కీర్తించలేదని పట్టుబట్టి చెప్పడానికి కారణం ఇదే అనుకుంటాం. ధమ్మపదంలోని సుఖవగ్గం గెలుపోటములు రెండూ వదిలినవాడు సుఖంగా నిద్రపోతాడని చెప్పింది కోసల రాజు యుద్ధంలో ఓడిన సందర్భంలో అంటారు. రాజుకు చెప్పిన మాటను రాజ్యమే లేనివాడికి చెప్పేటప్పుడు కొంచెం ఆగి చెప్పాలి.

ఇంతవరకు బృందంలో అందరం ఒక్క మాట మీదికి వచ్చాం. మూడో ఆదివారం రిటైరైన టీచరమ్మ ఒకరు అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాం. అన్న మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం మా బస్తీ పిల్లలకు లెక్కలు చెబుతారు. సాధన మొదలయ్యాక రెండు శుక్రవారాలు రాలేదు. "అన్నా, మీ నాయినకు దొరకని టేబుల్ సంగతి మంచిదే. ఈ పిల్లలకు దొరకాల్సిన లెక్కల సంగతేంది?" అని ఆమె అడిగారు. అంతకుముందు వచ్చిన అభ్యంతరాలన్నీ పుస్తకాల్లోంచి వచ్చాయి, ఇది పిల్లల హాజరు పట్టీలోంచి వచ్చింది.

మన ఉద్యమంలో "సమాజానికి తిరిగి చెల్లించడం" అనే మాట చాలా బలమైనది. ఆ మాటే లేకపోతే మా చదువులూ లేవు. కానీ దశాబ్దాలుగా సామాజిక సేవలో ఉన్నవాళ్లంగా ఒకటి చూశాం. ప్రతి సాయంత్రాన్నీ బాకీగా లెక్కగట్టుకున్న మన కార్యకర్తల్లో ఎందరో యాభై దాటేసరికి చిరాకు మనుషులయ్యారు. పిల్లలకు చదువు చెబుతూ పిల్లల మీదే విసుక్కున్నారు. వారానికి ఒక సాయంత్రం తనకోసం పెట్టుకున్న మనిషి మిగతా రోజుల్లో మెరుగ్గా పనిచేస్తాడని మా నమ్మకం. టీచరమ్మ దీన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎప్పుడూ మగవాళ్ల సాయంత్రాల గురించే ఎందుకు వస్తుందని తిరిగి అడిగారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అన్న ఇంట్లో వదినకు 23 ఏళ్లుగా ఏ శుక్రవారమూ ఖాళీ లేదు.

ప్రస్తుతానికి ఏర్పాటు ఇది. మంగళవారం తరగతి అన్నదే. శుక్రవారం డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు చెబుతున్నాడు. అన్న ఎంట్రీ ఫీజు కట్టేశారు, కొత్త కళ్లద్దాలు వచ్చాయి, సూటి షాట్ యాభైకి ముప్పై ఎనిమిది పడుతున్నాయట. వదిన ఆదివారం బృందానికి రావడం మొదలుపెట్టారు, ఆ పూట ఇంట్లో వంట అన్నదీ పెద్ద కొడుకుదీ. శుక్రవారం పిల్లలు మాత్రం భిన్నాల దగ్గరే ఆగిపోయారని, కుర్రవాడికి చెప్పడం రావడం లేదని టీచరమ్మ ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం మొదట దాని గురించే మాట్లాడాలి.